పెరట్లో కర్మాగారం, వాకిట్లో ఎదురుచూపు

పెనుకొండ మీదుగా బెంగళూరు రహదారిలో ప్రయాణం చేసినప్పుడల్లా, కొత్త కార్లను రెండంతస్తులుగా పేర్చుకొని బారులు తీరి వెళ్ళే పొడవాటి లారీలను చూస్తూ ఉంటాను. ఎర్రమంచి దగ్గర కియా కర్మాగారం గేటు దాటి బయటికి వచ్చిన ఆ కార్లు ఏ ఊరికి పోతాయో, ఏ ఇంటి ముందు ఆగుతాయో అని ఆలోచన సాగుతుంది. అన్నట్టు, పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఈ పెరటి చెట్టు మాత్రం ఊరందరికీ పనికివచ్చింది. కాకపోతే దాని కాయ కోసం పెరటివాళ్ళు సైతం పరాయివాళ్ళతో పాటు వరుసలోనే నిలబడవలసి వచ్చింది.

పెరటివాళ్ళకు ముందు ఇవ్వలేదని నా ఫిర్యాదు కాదు. వరుస అందరికీ ఒకటే కావాలి, అదే న్యాయం. ఎదురుచూపు మా సీమకు కొత్తా కాదు. వాన కోసం, హంద్రీ–నీవా నీటి కోసం తరాల తరబడి కళ్ళు కాయలు కాచిన నేల ఇది. నా అభ్యంతరమల్లా గడువు చెప్పని ఎదురుచూపు మీద.

2017 ఏప్రిల్‌లో కియా సంస్థకూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ ఒప్పందం కుదిరింది. అప్పటికి పెనుకొండ అనంతపురం జిల్లాలో భాగం. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. 536 ఎకరాల స్థలం, 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యం. గొల్లపల్లి జలాశయం నుండి నీటి ఏర్పాటు జరిగింది. 2019 జనవరిలో ప్రయోగాత్మక ఉత్పత్తి, ఆగస్టులో తొలి కారు సెల్టోస్ విడుదల. బీడు భూమి మీద రెండేళ్ళ చిల్లరలో కార్లు పుట్టించిన ఈ కార్యదక్షతను మెచ్చుకోకుండా ఉండలేము. ఇక్కడే ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి: గడువు పెట్టుకొని గడువుకు పని ముగించడం ఈ రంగానికి చేతకాని విద్య కాదు.

ఇక లెక్కకు వద్దాం. సెల్టోస్ ముందస్తు నమోదు 2019 జూలై 16న మొదలయింది. తొలి రోజునే 6,046 మంది పేర్లు రాయించుకొన్నారు. ఆగస్టు 22న ధర ప్రకటించే నాటికి ఆ సంఖ్య 32,035కు చేరింది. ఆలు లేదు, చూలు లేదు అన్న సామెత ఇలాంటి సందర్భం కోసమే పుట్టిందేమో! ధర తెలియదు, బండి చూడలేదు, చేతిలో 25 వేల రూపాయల రసీదు మాత్రం ఉన్నది. తలకు 25 వేల చొప్పున కట్టి చూస్తే అది సుమారు 80 కోట్ల సొమ్ము. మరి బండ్లో? ఆగస్టులో 6 వేల పైచిలుకు, సెప్టెంబరులో 7 వేల పైచిలుకు మాత్రమే అమ్మకానికి వెళ్ళాయి. 32 వేల మంది వరుసలో ఉండగా రెండు నెలల్లో 14 వేల లోపు బండ్లు! చివర నిలబడినవాడికి నెలలు పడుతుందని చెప్పటానికి జ్యోతిష్కుడు అక్కరలేదు, కూడికలు తీసివేతలు చాలు.

కంపెనీ పక్షాన చెప్పవలసిన మాట కూడా ఉన్నది. కొత్త కర్మాగారం తొలి రోజునే పూర్తి వేగాన్ని అందుకోలేదు. పైగా కారు అంటే ఒకటే వస్తువు కాదు. పెట్రోలా డీజిలా, చేతి గేరా ఆటోమేటికా, ఏ మెట్టు, ఏ రంగు – ఇన్ని కలయికలలో ఒక దానికి విడిభాగం తక్కువైతే ఆ వరుస ఆగిపోతుంది, పక్క వరుస కదులుతూనే ఉంటుంది. అందుకే మీ తరువాత రాయించుకొన్న పొరుగువాడికి ముందు కారు రావటంలో ప్రతిసారీ మోసమే ఉండనక్కరలేదు. 2020లో కరోనా మూలంగా కర్మాగారాలే మూతబడ్డాయి. కార్ల కంపెనీలు తగ్గించుకొన్న చిప్‌ల స్థానాన్ని కంప్యూటర్లు, ఫోన్లు ఆక్రమించాయి. 2021 మార్చిలో జపానులో రెనెసాస్ వారి చిప్‌ల కర్మాగారంలో జరిగిన అగ్నిప్రమాదం పుండు మీద కారమయింది. ఆ తరువాత 2022లో వచ్చిన కారెన్స్‌లో కొన్ని రకాలకు నిరీక్షణ ఏడాది దాటిందంటే, అందులో ఈ కొరత పాలు ఎంతో ఉన్నది.

ఆలస్యానికి కారణాలు సరే. కాని ఆలస్యపు భారం ఎవరి నెత్తిన పడుతున్నది? నా ప్రశ్న అది. మన దేశంలో కార్ల నమోదు పత్రాలలో సాధారణంగా కనబడే వాక్యం ఒకటి ఉన్నది: బండి అప్పగించిన నాటి ధరే వర్తిస్తుందని. ఆలస్యం చేసేది వాళ్ళు, ధర పెంచేది వాళ్ళు, పెరిగిన ధర కట్టేది మాత్రం ఆలస్యానికి గురైనవాడు! సెల్టోస్ ధర 2020 జనవరిలోనే పెరిగింది. ఈ లోగా బ్యాంకు మంజూరు చేసిన అప్పుకు గడువు తీరుతుంది. మార్పిడికి ఇస్తానన్న పాత బండి విలువ తరుగుతుంది. టాక్సీ నడుపుకొందామనుకొన్నవాడికి ఒక్కొక్క నెలా ఒక్కొక్క నెల సంపాదన. ఇష్టం లేకపోతే రద్దు చేసుకొని సొమ్ము వెనక్కి తీసుకోవచ్చు కదా అంటారు. తీసుకోవచ్చు, కాని వరుసలో గడిపిన ఆరు నెలలను వెనక్కి ఇచ్చేదెవరు?

లైసెన్సుల కాలంలో స్కూటరు కోసం ఏళ్ళ తరబడి వేచి ఉన్న తరం మనలో ఇంకా ఉన్నది. ఆ నిరీక్షణకు కారణం ప్రభుత్వ నియంత్రణ. 1991 తరువాత ఆ కంచెలు తొలగాయి, పోటీ వచ్చింది, కొనుగోలుదారుడే రాజన్నారు. రాజుగారు ఇప్పటికీ వరుసలోనే ఉన్నారు. మారింది వరుసకు పెట్టిన పేరు మాత్రమే – అప్పుడు కొరత, ఇప్పుడు గిరాకీ.

ఇంతకంటే మెరుగుగా చేయవచ్చుననటానికి మన దేశంలోనే నిదర్శనం ఉన్నది. 2009లో టాటా నానోకు 2 లక్షల పైచిలుకు నమోదులు వచ్చినపుడు, తొలి లక్ష మందిని లాటరీ ద్వారా ఎంపిక చేసి, వారికి ప్రకటించిన ధరనే ఖాయం చేశారు. మిగిలినవారిలో సొమ్ము అలాగే ఉంచి ఏడాదికి పైగా వేచి ఉండేవారికి 8.5 శాతం వడ్డీ ఇస్తామన్నారు. నానో కథ తరువాత ఎలా ముగిసినా, ఆ పద్ధతి మాత్రం గౌరవనీయమైనది. నిరీక్షణకు వెల ఉన్నదని ఒప్పుకొన్న పద్ధతి అది.

అంత దూరం పోనక్కరలేదు. ధర్మవరంలో పెళ్ళి పట్టుచీరకు చెప్పినప్పుడు నేతగాడు ఏమంటాడు? పడుగు మగ్గానికి ఎక్కిందో లేదో, అంచుకు ఎన్నాళ్ళు పడుతుందో లెక్క చెప్పి, ఫలానా వారం రమ్మంటాడు. జరీ అందకపోతే ఆ మాటా చెబుతాడు. హిందూపురం చింతపండు మార్కెట్టులో సరుకు అమ్మిన రైతు చేతిలో చీటీ ఉంటుంది, అందులో తూకమూ ధరా ఉంటాయి. కొన్ని లక్షల రూపాయల కారుకు ఇచ్చే రసీదులో ఈ రెండింటిలో ఒక్కటైనా, తేదీ గాని ధర గాని, ఎందుకు ఉండకూడదు? విడిభాగాలు సరఫరా చేసేవారికి ఏ రోజు ఏ భాగం ఎన్ని కావాలో ముందే చెప్పి తెప్పించుకొనే పరిశ్రమ ఇది. సరఫరాదారుకు తేదీ, కొనుగోలుదారుకు "త్వరలో" అనే మాటా?

నా మటుకు నాకు మూడు నియమాలు చాలుననిపిస్తుంది. రసీదు మీద వరుస సంఖ్య, అప్పగించే నెల రాయాలి. ఆ నెల దాటితే పాత ధరే వర్తించాలి. అక్కడి నుండి ముందస్తు సొమ్ముకు వడ్డీ లెక్క కట్టాలి. 2020 జూలైలో అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం అన్యాయమైన ఒప్పందాన్ని ప్రశ్నించే హక్కు ఇచ్చింది. అయితే ఆ ఫిర్యాదు జిల్లా కమిషన్‌లో చెల్లదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్ళాలి. 25 వేల రసీదు పట్టుకొని అంత దూరం నడిచే ఓపిక ఎందరికుంటుంది? అందుకే ఈ నియమాలను ఎవరికి వారు పోరాడి సాధించుకోవలసిన స్థితి ఉండరాదు, ప్రభుత్వమే వాటిని నమోదు పత్రంలోకి ఎక్కించాలి.

కొత్త బండి వచ్చిన రోజున కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, నాలుగు వీధులు తిరిగేసరికి పడిన యాతనంతా మరచిపోతాము. మన ఈ మతిమరుపే వాళ్ళకు పెట్టుబడి. ఒక్కరైనా మరచిపోకుండా, తరువాతి బండికి సొమ్ము కట్టే ముందు "ఏ నెలలో ఇస్తారో రాసివ్వండి" అని అడిగితే బాగుండును. పదిమంది అడిగితే రాసి ఇవ్వక తప్పదు.