మడతపెట్టే కూల్ హోల్డర్: మందం కాదు, హ్యాండిల్ చూడండి

మడిచి జేబులో పెట్టుకునే డ్రింక్ హోల్డర్ అనగానే మొదట నవ్వొచ్చింది. ఇన్సులేషన్ అంటే గాలిని పట్టి ఉంచడం, మడత అంటే దాన్ని పిండేయడం. రెండూ ఎలా కుదురుతాయి?

అయినా పాత నియోప్రీన్ ల్యాప్‌టాప్ స్లీవ్ కత్తిరించి, మా వీధి టైలర్ దగ్గర ఒకటి కుట్టించా. వాడాక అభిప్రాయం మార్చుకున్నా. నియోప్రీన్‌లో బుడగలు దేనికది మూసుకుపోయి ఉంటాయి, మడిచినా గాలి బయటికి పోదు. పైగా విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్లలో చల్లటి క్యాన్‌కి పట్టే చెమటే పెద్ద విలన్. గాలిలోని ఆవిరి ఒక్క గ్రాము నీరుగా మారితే చాలు, 300 ఎం.ఎల్. డ్రింక్‌ని దాదాపు 2 డిగ్రీలు వేడెక్కించేంత వేడి వదులుతుంది. స్లీవ్ బిగుతుగా ఉంటే ఆ తేమ గాలి క్యాన్‌ని తాకదు. అందుకే 3 ఎం.ఎం. మందం చాలు, కానీ వదులుగా ఉంటే మాత్రం దండగే. వేడి కాఫీకి అయితే ఫ్లాస్కే దిక్కు.

నేను దెబ్బతిన్నది హ్యాండిల్ దగ్గర. పట్టీని పై అంచుకి, అదీ ఒక పక్కే కుట్టించా. అర లీటరు బాటిల్ అంటే అర కిలో పైనే కదా! బస్సు కుదుపులకి కుట్లు ఊడి, డ్రింక్ మొత్తం ఒళ్లో ఉన్న ఫోన్ మీద పడింది. రెండు రోజులు ఛార్జింగ్ ఎక్కలేదు.

ఇప్పుడు పట్టీ అడుగు కింద నుంచి రెండు పక్కలా పైకి వస్తుంది. బరువంతా పట్టీయే మోస్తుంది, కుట్లు దాన్ని జారకుండా పట్టుకుంటాయి అంతే. మీరు కొనేటప్పుడు కూడా ముందు తిరగేసి అడుగు చూడండి. అక్కడ పట్టీ లేకపోతే, ఎంత ఆఫర్ ఉన్నా నేనైతే కొనను.