పది కోళ్లకు వంద డోసుల సీసా

ఎండలు ముదిరే రోజుల్లో పల్లెల్లో ఏటా వినిపించే మాట ఒకటుంది: ‘కోళ్లకు తెగులొచ్చింది.’ ముందు ఒక పెట్ట మేత మానేసి మూలన ముడుచుకుంటుంది. రెక్కలు వాల్చేస్తుంది, నోరు తెరిచి ఆయాసపడుతుంది, పచ్చగా నీళ్ల రెట్ట వేస్తుంది. కొన్నిటికి మెడ మెలితిరిగిపోతుంది. వారం తిరిగేసరికి ఆ వీధిలో గంపలన్నీ ఖాళీ.

ఇది కొక్కెర తెగులు. పశువైద్యులు రాణిఖెత్ వ్యాధి అంటారు. మన దేశంలో దీన్ని 1927లోనే గుర్తించారు. సోకాక నయం చేసే మందు ఇప్పటికీ లేదు గానీ, రాకుండా ఆపే టీకా మాత్రం 1940ల నుంచీ ఉంది. ఎనభై ఏళ్లుగా టీకా ఉన్న జబ్బుతో పెరటి కోళ్లు ఇంకా గంపలకు గంపలు చచ్చిపోతున్నాయంటే తప్పు ఆ కోళ్లను సాకే ఆడవాళ్లది కాదు. టీకా వాళ్ల గడప దాకా వచ్చే దారి లేకపోవడమే అసలు తప్పు.

లెక్క చూస్తే విషయం తేలిపోతుంది. టీకా సీసాలు చాలావరకు వంద, అంతకు మించిన డోసులతో వస్తాయి. దాన్ని ఐసులో పెట్టి తేవాలి. ద్రావణంలో కలిపాక గంట, రెండు గంటల్లో వాడేయాలి. పది కోళ్లున్న ఇల్లాలు కూలి మానుకుని, ఆటో ఎక్కి, మండల కేంద్రంలోని పశువుల ఆసుపత్రికి వెళ్లి సీసా తెచ్చుకుందనుకుందాం. పది డోసులు వాడి తొంభై పారబోయాలి. ఎవరు వెళ్తారు? వేల కోళ్ల ఫారానికి ఈ సీసా చక్కగా సరిపోతుంది. అక్కడ ఏ వయసులో ఏ టీకా వేయాలో గోడకు అంటించిన పట్టిక ఉంటుంది, వేసే మనుషులుంటారు. గుడ్ల ఉత్పత్తిలో దేశానికే మొదటి స్థానంలో ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో, లక్షల కోళ్ల షెడ్ల పక్క ఊళ్లోనే పెరటి పెట్ట టీకా ముఖం చూడకుండా చచ్చిపోతోంది.

పోతే పోయాయి, నాలుగు కోళ్లే కదా అనుకునేవాళ్లు ఆ నాలుగు కోళ్లు ఇంటికి ఏం చేస్తాయో చూడాలి. నాటు పెట్ట ఏడాదికి యాభై, అరవై గుడ్లకు మించి పెట్టదు. ఫారం కోడి మూడొందలు పెడుతుంది. కానీ నాటుకోడి తినేది గుప్పెడు నూకలు, కాస్త తౌడు, మిగిలిన మెతుకులు. తక్కినదంతా చెదలు, పురుగులు, గింజలు ఏరుకుని తనే సంపాదించుకుంటుంది. అదను వస్తే పొదుగుకు కూర్చుని ఇరవై ఒక్క రోజుల్లో పిల్లల్ని దింపుతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి కోసమే వనరాజా, గ్రామప్రియ రకాలను రూపొందించింది. ఇవి నాటు పెట్టకంటే చాలా ఎక్కువ గుడ్లు పెడతాయి. అయితే పొదగవు. అందుకే తెలివైన ఇల్లాళ్లు ఒకటి రెండు నాటు పెట్టలను తప్పకుండా ఉంచుకుంటారు. చేతిలో డబ్బు ఆడని నెలలో ఒక పుంజును అమ్మితే పిల్లల పుస్తకాలో, మందుల ఖర్చో గడుస్తుంది. చాలా ఇళ్లలో మగవాళ్లు లెక్క అడగని డబ్బు అదొక్కటే.

తిండి సంగతి ఇంకా ముఖ్యం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఐదేళ్లలోపు పిల్లల్లో ఇంకా ఎక్కువ: ఆంధ్రలో 63.2, తెలంగాణలో 70 శాతం. మాత్రలు పంచడం అవసరమే. కానీ రోజూ కంచంలోకి వచ్చేది కూడా మారాలి. గుడ్డులో ఆరు గ్రాముల దాకా మాంసకృత్తులు, కూరగాయల్లో దొరకని బీ12 విటమిన్ ఉంటాయి. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టాలంటే పులుపు తోడవాలి. నిమ్మచెట్టు ఉన్న పెరట్లో అది ఖర్చులేని పని. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు మాత్రం ఆ ఇనుమును పట్టనివ్వదు; గంట ఆగి తాగాలి.

ఈ తిండికి పెద్ద వంట తెలియాల్సిన పనిలేదు. మునగాకు ఈనెలు తీసి కడిగి, నీళ్లు ఓడ్చి ఉంచుకోవాలి. మూకుడులో రెండు చెంచాల నూనె కాగాక ఎండుమిర్చి, కచ్చాపచ్చాగా దంచిన వెల్లుల్లి, కరివేపాకు వేసి, చిటపట తగ్గగానే ఆకు వేయాలి. ఉప్పు, పసుపు చల్లి రెండు చెంచాల నీళ్లు చిలకరించి మూతపెడితే కాసేపట్లో మెత్తబడుతుంది. అప్పుడు ఆకును పక్కకు జరిపి మధ్యలో మూడు గుడ్లు కొట్టిపోయాలి. వెంటనే కలిపితే ముద్దవుతుంది. తెల్లసొన గట్టిపడే దాకా ఆగి కలిపితే పొడిపొడిగా వస్తుంది. పావుగంట పని. మునగాకు లేని రోజు తోటకూర, అదీ లేకపోతే లేత బీరకాయ. బీరకాయ కోడిగుడ్డు కూరకు వంక పెట్టే తెలుగిల్లు అరుదు.

గుడ్లు పెట్టేది అమ్ముకోవడానికే అన్న అలవాటు మారాలి. కడుపుతో ఉన్న కోడలికీ, ఎదిగే పిల్లకూ పెట్టాకే సంతకు పోవాలి.

కోళ్లూ ఆకుకూరల మళ్లూ ఒకచోట ఇమడవన్నది నిజమే. గోంగూర మొలక కనబడితే కోడి గీరిపారేస్తుంది. దానికి పాత పల్లెల పద్ధతే మేలు: మడి చుట్టూ కంపతో దడి కట్టడం, బీర, సొర, చిక్కుడు పాదుల్ని పందిరి మీదికి ఎక్కించడం, కోత అయిపోయిన మడిలోకి మాత్రం కోళ్లను వదలడం. కోడి పెంట పచ్చిగా వేస్తే దాని వేడికి మొక్క మాడిపోతుంది. చెత్తతో కలిపి బాగా మాగనిచ్చాకే వేయాలి.

జాగ్రత్తలూ ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు ఊళ్లన్నీ వణికాయి. గూడు ఊడ్చాక సబ్బుతో చేతులు కడగడం, గుడ్డునూ మాంసాన్నీ పూర్తిగా ఉడికించడం, చచ్చిన కోడిని కాలవలో పారేయకుండా లోతుగా పాతిపెట్టడం తప్పనిసరి. జబ్బు చేసిన కోడిని తక్కువకు అమ్మేయడం అన్నిటికంటే చెడ్డ పని. తెగులు ఊరు దాటేది అలాగే.

ప్రభుత్వాలు ఈ రంగాన్ని పట్టించుకోవడం లేదని అనలేం. 2021–22లో మార్చిన జాతీయ లైవ్‌స్టాక్ మిషన్ మార్గదర్శకాల ప్రకారం వెయ్యి తల్లి కోళ్లతో ఫారం, పిల్లలు పొదిగించే యూనిట్ పెట్టేవారికి పెట్టుబడిలో సగం, 25 లక్షల రూపాయల దాకా రాయితీ వస్తుంది. పల్లెలకు కోడిపిల్లలు కావాలి కాబట్టి అదీ మంచిదే. కానీ పంచిన పిల్ల ఎండాకాలం గట్టెక్కకపోతే ఆ ఖర్చంతా మట్టిపాలు.

టీకాను గడప దాకా చేర్చే దారి ఉందనడానికి మొజాంబిక్ ఒక ఉదాహరణ. అదీ పేద దేశమే. అక్కడి పల్లెల్లోనూ ఇదే తెగులు కోళ్లను తుడిచిపెట్టేది. ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు రూపొందించిన, వేడిని కొంత తట్టుకునే ఐ-2 అనే టీకాను అక్కడికి తెచ్చారు. ఊరివాళ్లకే శిక్షణ ఇచ్చి, ఏడాదికి మూడు విడతలు, మార్చి, జులై, నవంబరుల్లో ఊరంతటికీ ఒకేసారి వేయించారు. వేసినవాళ్లకు కోడికింతని చిన్న రుసుము. కంట్లో ఒక్క చుక్క. కోడి రెప్ప ఆర్పేదాకా పట్టుకుంటే చాలు.

ఇక్కడ అది కష్టమేమీ కాదు. ఆంధ్రలో గ్రామ సచివాలయాల్లో పశుసంవర్ధక సహాయకులున్నారు. రెండు రాష్ట్రాల్లోనూ ఊరూరా పొదుపు సంఘాలున్నాయి. ఒక వీధిలో పదేసి కోళ్లున్న పది ఇళ్లు కలిస్తే వంద డోసుల సీసా ఒక్క చుక్క వృథా కాకుండా అయిపోతుంది. కావలసింది ముందే చాటించిన ఒక తేదీ, ఒక ఐసు పెట్టె, తెల్లవారుజామున గంప ఎత్తకముందే వచ్చే ఒక మనిషి.

ఆ తేదీని అడగాల్సింది పొదుపు సంఘాల మహిళలే. వచ్చే సమావేశంలో ఎవరింట్లో ఎన్ని కోళ్లున్నాయో రాసుకుని, ఆ కాగితం సర్పంచ్ చేతికీ పశువైద్యుడి చేతికీ ఇవ్వండి. మొదటి విడత సంక్రాంతి దాటగానే, ఎండ ముదరకముందే పడాలి.