సిగ్గూ గొప్పలూ ఒకే చెట్టు కాయలు

"మన పిల్లలు తెలుగు మాట్లాడడానికి సిగ్గుపడుతున్నారు." ధర్మపురిలో గాని హోసూరులో గాని తెలుగువాళ్లు నలుగురు కూడిన ప్రతి చోటా ఈ మాట వినబడుతుంది. వెనువెంటనే మందు కూడా చెప్పేస్తారు: "అది ఆత్మన్యూనతాభావం. పిల్లలకు రాయలవారి గురించి చెప్పండి, మన భాష ఎంత గొప్పదో చెప్పండి, అదే పోతుంది." ఈ రోగనిర్ణయం తప్పు. ఈ మందు అంతకన్నా పెద్ద తప్పు. ఆ మందే రోగాన్ని పెంచుతున్నదని నా వాదం.

ముందు రోగం పేరు చూద్దాం. ఆత్మన్యూనత అనే ఆలోచనకు ప్రచారం తెచ్చినవాడు వియన్నా వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్. మన దాకా వచ్చేసరికి అది వ్యక్తిత్వ వికాసం అనే సరుకులో కలిసిపోయింది. బస్టాండు పుస్తకాల అంగడిలో వేలాడే పుస్తకాలన్నీ ఒకటే పాట: లోపం నీలోనే ఉంది, తల ఎత్తి నడువు, అద్దం ముందు నిలబడి నీకు నువ్వే ధైర్యం చెప్పుకో. మంచిదే. కాని ధర్మపురి వీధిలో ఒక పిల్లవాడు అమ్మను తెలుగులో పిలిస్తే పక్కవాడు "గొల్టి" అని నవ్వుతాడు. పెద్దవాళ్ల తగాదాలో "వందేరి" అన్న మాట వస్తుంది. వచ్చి చేరినవాళ్లని దాని అర్థం. ఆ పిల్లవాడు మరునాటి నుంచి వీధిలో గొంతు తగ్గిస్తాడు. ఇందులో లోపం ఆ పిల్లవాడిదా? అద్దం ముందు నిలబెట్టవలసింది వాడినేనా?

ఈ ప్రశ్నను మనకంటే ముందు గట్టిగా వేసిన ఒక మహిళ ఉంది. కరెన్ హార్నై. 1885లో జర్మనీలో హాంబర్గ్ దగ్గర పుట్టింది. బెర్లిన్‌లో ఫ్రాయిడ్ మార్గంలో మనోవిశ్లేషణ నేర్చి, నేర్పింది. 1932లో చికాగోకు, 1934లో న్యూయార్క్‌కు వలస వెళ్లింది. దేశం మారాక రోగుల మనసుల్లో ముడులు వేరుగా కనబడ్డాయి. ముడి అంతా పుట్టుకతో వచ్చే ప్రవృత్తుల్లోనే ఉంటే దేశం మారినంత మాత్రాన అది మారకూడదు గదా! 1937లో వెలువడిన "మన కాలపు న్యూరోటిక్ వ్యక్తిత్వం" అనే పుస్తకంలో ఆమె ఈ సంగతే వాదించింది. న్యూరోసిస్ అంటే పిచ్చి కాదు. మనిషి తన పనులు తాను చేసుకుంటూనే, తనలో తాను చీలిపోయి, భయాన్ని కప్పుకోడానికే సగం శక్తి ఖర్చుపెట్టే స్థితి. ఆ భయాన్ని పుట్టించేది అతని చుట్టూ ఉన్న సమాజమూ, అతన్ని పెంచిన తీరూ అన్నది ఆమె సిద్ధాంతం. 1939లో ఫ్రాయిడ్‌ను నేరుగా విమర్శిస్తూ మరో పుస్తకం రాసింది. 1941లో న్యూయార్క్ మనోవిశ్లేషణ సంఘం శిక్షణ ఇచ్చే అధికారాన్ని తీసేస్తే, బయటికి వచ్చి వేరే సంఘం పెట్టుకుంది. అదే 1941లో ఎరిక్ ఫ్రామ్ "స్వేచ్ఛ నుంచి పలాయనం" వెలువడింది. మనుషులు ఒంటరితనం భరించలేక గుంపులో తమను తాము పోగొట్టుకుంటారని ఆయన చూపించాడు. వీళ్లిద్దరూ మనస్తత్వాన్ని ఒంటరి మనిషి తలకాయలోంచి వీధిలోకి తీసుకువచ్చారు. మన సంగతి తేల్చుకోడానికి మనం నిలబడవలసిన చోటు కూడా ఆ వీధే.

తన చుట్టూ ఉన్న లోకం తనకు అనుకూలం కాదు, తాను ఒంటరి, నిస్సహాయుణ్ణి అని పసితనంలో పట్టుకునే భయాన్ని హార్నై మూలభయంగా గుర్తించింది. దాన్ని తప్పించుకోడానికి మనిషి మూడు దారులు వెతుకుతాడంది: జనం వైపు జరగడం, జనానికి ఎదురు తిరగడం, జనానికి దూరంగా తొలగిపోవడం. ఆరోగ్యవంతుడు సమయాన్ని బట్టి మూడూ వాడుకుంటాడు. భయపడ్డవాడు ఒకదానికే అతుక్కుపోతాడు.

మన జిల్లాలో ఈ మూడు దారులూ చూపించమంటే వేలు పెట్టి చూపించవచ్చు. మొదటివాడు తమిళులకంటే ఎక్కువ తమిళుడవుతాడు. పెళ్లిపత్రికలో గాని, ఇంటి గుమ్మం మీద గాని తెలుగు అక్షరం కనబడకూడదు. "మేమెప్పుడో మరిచిపోయాం" అని గర్వంగా చెబుతాడు. రెండోవాడు మీసం మెలేసి, మేం ఏలినవాళ్లం, మీరు ఏలబడ్డవాళ్లు అన్నట్టు మాట్లాడతాడు. మూడోవాడు తెలుగును వంటింట్లో పెట్టి తలుపు వేసుకుంటాడు. బయట ఎవరూ వినరు, లోపల ఎవరూ చదవరు. ముగ్గురూ ఒకరినొకరు తిట్టుకుంటారు. ముగ్గురి అడుగునా ఉన్నది ఒకే భయం.

ఇక మందు సంగతి. 1950లో వచ్చిన తన చివరి పెద్ద పుస్తకంలో హార్నై ఒక లోతైన విషయం చెప్పింది. తానున్న తీరు తనకు నచ్చనివాడు ఒక ఊహామూర్తిని తయారుచేసుకుంటాడు. అది లోపం లేనిది, ఆకాశమంత ఎత్తుది. తరువాత ఆ మూర్తి ముందు తనను నిలబెట్టుకుని కొలుచుకుంటాడు. ఇట్లుండాల, అట్లుండాల, ఇది రావాల, అది తెలియాల అని తన మీద తానే పెత్తనం చెలాయించుకుంటాడు. ఆ కొలతకు అందనప్పుడల్లా తనను తాను అసహ్యించుకుంటాడు. అంటే గొప్పా, అసహ్యమూ ఎదురెదురు సంగతులు కావు. ఒకే చెట్టు కాయలు. విగ్రహం ఎంత ఎత్తు పెరిగితే నేల మీద మనిషి అంత పొట్టివాడవుతాడు.

మన సభలు చేస్తున్న పని ఇదే కాదా? వేదిక మీద రాయలవారు, అష్టదిగ్గజాలు, తెలుగు ఇటలీ భాషంత తియ్యనిదని ఏ దొరో అన్నాడన్న మాట. కింద కూర్చున్న పిల్లవాడికి తెలిసిన తెలుగు వేరు. "వస్తా ఉండాను", "జాస్తి", "అంగడి", "సంగటి" వాడి తెలుగు. సగంలో తమిళం దొర్లుతుంది, అక్కడక్కడ కన్నడం. వాడు ధైర్యం చేసి మైకు ముందు రెండు ముక్కలు మాట్లాడితే పెద్దలొకరు ముసిముసిగా నవ్వి, "ఉండాను కాదు నాయనా, ఉన్నాను" అని దిద్దుతారు. వీధిలో "గొల్టి" అన్నవాడు వాడి భాషను వెక్కిరించాడు. సభలో దిద్దినవాడు అది అసలు భాషే కాదన్నాడు. ఏది పెద్ద దెబ్బ? వాడు మళ్లీ మైకు దగ్గరికి రాడు. రాకపోతే, "చూశారా, సిగ్గు" అని మనమే అంటాం!

పై సీమ బంధువులు చేసేదీ తక్కువేమీ కాదు. పెళ్లికి పోతే "మీది అరవ తెలుగు" అని నవ్వుతారు. సినిమాలో మనలాంటి యాస హాస్యగాడి నోట్లోనే వినబడుతుంది. ఇక్కడివారికి తెలుగువాళ్లం, అక్కడివారికి అరవవాళ్లం. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాయి. మనం ఎక్కడికీ కదలలేదు. గీత కదిలింది. 1965లో సేలం నుంచి విడివడి ధర్మపురి జిల్లా అయింది. 2004లో కృష్ణగిరి జిల్లా చీలిపోయి హోసూరు, డెంకణికోట అటు పోయాయి. గీత గీసినప్పుడల్లా మన గుంపు చిన్నదైంది. ఇట్లా మిగిలిపోయినవాడికి లోపలి పట్టు దొరకడం కష్టమని తెలుసుకోడానికి మనస్తత్వశాస్త్రం కూడా అక్కరలేదు.

మన సాహిత్యంలోనే దీనికి సాక్ష్యం ఉంది. బుచ్చిబాబు "చివరకు మిగిలేది" మీద చర్చ వస్తే ఫ్రాయిడ్ పేరు తప్పకుండా వస్తుంది. కాని దయానిధిని వెంటాడింది తల్లి కాదు, తల్లి గురించి లోకం చెప్పుకున్న మాటలు. ఎక్కడికి పోయినా ఆ మాటలు అతనికంటే ముందే చేరుకుంటాయి. తల్లిని ప్రేమించాలో, దాచుకోవాలో తెలియని కొడుకు అతను. మాతృభాష విషయంలో మన స్థితి అచ్చంగా ఇదే. ఇక గోపీచంద్ "అసమర్థుని జీవయాత్ర"లో సీతారామారావును చూడండి. వంశప్రతిష్ఠ అనే విగ్రహానికి ఆస్తి అంతా నైవేద్యం పెట్టి, చివరికి తనను కూడా పెట్టేశాడు. దయానిధి మన సిగ్గు అయితే సీతారామారావు మన గొప్ప. ఇద్దరికీ దొరకనిది ఒక్కటే: మామూలు మనిషిగా బతికే అవకాశం.

ఈ గొప్పలో మరో మోసం ఉంది. "మనం" అంటే ఎవరు? రాయలవారి పేరు చెప్పుకుని మీసం మెలేసేవాడు సాధారణంగా భూమి ఉన్నవాడు. ఈ పడమటి జిల్లాల్లో ఇంట తెలుగు మాట్లాడే అరుంధతీయులు ఎందరో ఉన్నారు. వాళ్లకు తెలుగు నోరు తెరిస్తే రాజ్యం గుర్తుకు రాదు, కులం బయటపడుతుంది. 2009లో తమిళనాడు ప్రభుత్వం షెడ్యూల్డ్ కులాల కోటాలో వాళ్లకు 3 శాతం కేటాయించింది. వాళ్ల భాషకు మన సంఘాలు కేటాయించిన కుర్చీలు ఎన్ని? ఆ ఇళ్ల సామెతలు, పాటలు, తిట్లు ఎన్నడైనా అచ్చు వేశామా? వాళ్ల తెలుగును "మన తెలుగు" అనలేనివాడు పిల్లల సిగ్గు గురించి మాట్లాడే అర్హత కోల్పోతాడు. సిగ్గును ఒకరి మీదనుంచి మరొకరి మీదికి తోసెయ్యడం నయం కావడం కాదు.

"తప్పంతా తమిళులదే, చట్టానిదే" అనేవారున్నారు. చట్టం సంగతి నేను కాదనను. 2006 చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. ఏటా ఒక తరగతి ఎక్కుతూ 2015-16కు పదో తరగతికి చేరింది. మాతృభాష ఐచ్ఛికం మెట్టుకు దిగింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం 1956 నుంచి చెబుతూనే ఉంది. దాన్ని అడగాలి, గట్టిగా అడగాలి. తమిళం నేర్వమని అనడం వేరు, తెలుగు విడవమనడం వేరు. 1938లోనూ 1965లోనూ హిందీకి ఎదురు నిలిచిన తమిళులకు తల్లిభాష మీద ఒత్తిడి అంటే ఏమిటో మనం పాఠం చెప్పనక్కరలేదు. గుర్తు చేస్తే చాలు. కాని గుర్తు చెయ్యడానికి పోయినవాడు రాయల కిరీటం పెట్టుకుని పోతే, అవతలివాడికి కనబడేది పిల్లవాడి హక్కు కాదు, పాత ఏలుబడి.

మరొక అభ్యంతరం: "మా పిల్లలను రోగులంటారా? జర్మనీ దొరసాని సిద్ధాంతం ధర్మపురికెందుకు?" రోగులనడం లేదు. భయపెట్టే స్థితిలో భయపడినవాడు రోగి కాడు. ఆ స్థితిని అట్లాగే ఉంచి, భయపడినవాడికి ఉపన్యాసం ఇచ్చేవాడిది తప్పు. ఇక సిద్ధాంతం ఎక్కడిదైనా, పని చేస్తే మనదే. ఓక్ గింజకు ఓక్ చెట్టు కావడం ఎవరూ నేర్పనక్కరలేదు, దానికి కావలసినవి దొరికితే చాలునని హార్నై పోలిక చెప్పింది. మన సీమలో మామిడి టెంక అనుకోండి. నేల, తడి, వెలుతురు ఉంటే అదే లేస్తుంది. టెంక ముందు నిలబడి మామిడి జాతి గొప్పతనం గురించి గంటసేపు మాట్లాడితే మొలక రాదు.

మరి నేల, తడి ఏవి? మొదటిది, పిల్లవాడి ఇంటి తెలుగును దిద్దడం మానండి. వాడు మాట్లాడనివ్వండి, తరువాత పుస్తకాల తెలుగు దానంతటదే పక్కన చేరుతుంది. రెండోది, అక్షరాలు వాడి ఇంటి మాటలతోనే నేర్పండి. "అంగడి"తో, "సంగటి"తో మొదలుపెడితే అ, సం కళ్లకు అంటుకుంటాయి. మూడోది, మన పత్రికలు, ఈ పత్రికతో సహా, ఈ నేల మాటను ఉన్నదున్నట్టు వెయ్యాలి. స.వెం. రమేశ్ "ప్రళయకావేరి కథలు" పులికాటు తీరపు తెలుగును అట్లా నిలబెట్టాయి. చదివినవారెవరూ అది తక్కువ తెలుగనలేదు. తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ తమిళంలో "గోపల్లపురత్తు మక్కళ్" రాసి 1991లో సాహిత్య అకాడమీ బహుమతి పొందాడు. దక్షిణాదికి తరలి వచ్చిన తెలుగువాళ్ల కథ అది. పరభాషలో రాసినా పుట్టుకను దాచలేదు, కిరీటమూ పెట్టలేదు. రెండు భాషల మధ్య భయం లేకుండా నిలబడవచ్చునని ఆయన బతుకే రుజువు.

2011 జనాభా లెక్కల్లో తమిళనాట తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు దాదాపు 42 లక్షలు. ఇంతమందికి కావలసింది కొత్త విగ్రహం కాదు. తమ ఇంటి మాట వీధిలో మామూలుగా, మామూలు గొంతుతో పలకగలగడం. వచ్చే సభలో రాయలవారి మీద ఒక ఉపన్యాసం తగ్గించి, ఆ సమయం పిల్లలకివ్వండి. వాళ్లు "వస్తా ఉండాము" అంటే ఎవరూ నవ్వకండి, ఎవరూ దిద్దకండి.