అడుసు తొక్కి కాలు కడిగే ఆఫీసులు

మా నాన్న పేరున ఉన్న ఎకరన్నర భూసేకరణలో పోతోందేమో చూద్దామని ఒక ఆఫీసు వెబ్‌సైటు నుంచి నోటిఫికేషన్ దించుకున్నాను. రెండొందల పైచిలుకు పేజీల పీడీఎఫ్. కంట్రోల్, ఎఫ్ నొక్కి సర్వే నంబరు కొట్టాను. లేదంది. హమ్మయ్య అనుకుని మజ్జిగ తాగి పడుకున్నాను. మూడో రోజు బాబాయి ఫోను: "143వ పేజీ చూశావట్రా?" చూశాను. నిక్షేపంగా ఉంది. కంప్యూటరు అబద్ధమాడలేదు. ఆ ఫైల్లో ఉన్నవి నంబర్లు కావు, నంబర్ల ఫొటోలు.

ఆ ఫైలు ఎలా పుట్టిందో తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. ఎవరో ఆపరేటరు ఆ నంబర్లన్నీ ఒక్కొక్కటే టైపు చేశాడు. ప్రింటు తీశారు. అధికారి సంతకం గీకాడు, గుండ్రటి ముద్ర పడింది. ఆ కట్టను స్కానరు మీద, అదీ వంకరగా, పడేసి పీడీఎఫ్ చేశారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? సంతకం కోసమంటారా? డిజిటల్ సంతకం చెల్లుతుందని 2000 నాటి ఐటీ చట్టమే చెప్పింది. పాతికేళ్లుగా ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

పీడీఎఫ్‌ను తిట్టకండి. ఏ యంత్రంలో తెరిచినా పేజీ చెదరకూడదని అడోబీ 1993లో దాన్ని బయటికి తెచ్చింది. 2008లో అది ఐఎస్‌ఓ ప్రమాణమైంది. అక్షరం ఆకారంతోపాటు, అది ఏ అక్షరమో చెప్పే పట్టీని కూడా లోపల దాచుకోగలదది. పట్టీ సరిగ్గా ఉంటే వెతకొచ్చు, కాపీ చేయొచ్చు, ఫోను చేత చదివించుకోవచ్చు. అనుమానముంటే ఒక వాక్యం మీద వేలు పెట్టి లాగండి. మాటలు నీలంగా వెలిగితే కొంత ప్రాణం ఉన్నట్టే. కొంతే, ఎందుకంటే రెండో పాపం అక్కడే ఉంది.

అది మన అచ్చు పుస్తకాలది. వాటిలో నావీ ఉన్నాయి, దాచను. పేజీలు పేర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అందులో అను ఫాంట్లు. ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కల్ని కాపురం పెట్టించే ఏర్పాటు. కంటికి ముత్యాలే, కాపీ చేసి ఇంకోచోట అతికిస్తే డాలర్లూ కొక్కేలూ రాలతాయి. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ వచ్చింది 2001లో. ఏ భాష అక్షరానికి ఆ గది కేటాయించే యూనికోడ్‌లో తెలుగుకు చోటు దొరికింది అంతకు పదేళ్ల ముందే. రామభద్ర, సూరన్న, మండలి, గిడుగు అంటూ పైసా అడగని యూనికోడ్ ఫాంట్లు వరసగా ఉన్నాయి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు పేరు ఫాంటుకు పెట్టుకుని, ఆ ఫాంటును వాడుకలోకి తెచ్చుకోలేకపోయాం!

"వెతకడానికి వీల్లేకపోతేనే మంచిది, దొంగలు కాపీ కొట్టరు" అన్నాడొక ప్రచురణకర్త. దొంగకు వెతుకులాటతో పనేముందయ్యా? ఫైలుకు ఫైలే టెలిగ్రామ్‌లో పెట్టేస్తాడు. తాళం పడింది పాఠకుడికి, పరిశోధకుడికి. అందరికన్నా ముందు మా వీధిలోని చూపులేని మాస్టారికి. ఫోను చదివి పెడితే ఆయన వింటారు. స్కాన్ చేసిన సర్క్యులర్ తెరిస్తే ఫోను పేజీ నంబరు చెప్పి నోరు మూసుకుంటుంది. సమాచారం అందుబాటు రూపంలో ఉండాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం అంటోంది. ఆ చట్టాన్ని అమలు చేయండంటూ వచ్చే మెమోలు కూడా స్కాన్ కాపీలే అయితే నేను ఆశ్చర్యపోను.

వందేళ్ల నాటి పుస్తకాన్ని స్కాన్ చేసినవాళ్లకు దండం పెడతాను, అక్కడ వేరే దారి లేదు. టెసెరాక్ట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ బొమ్మల్లోంచి తెలుగును చదవగలదు కూడా, ఒత్తుల దగ్గర తడబడినా. నిన్న టైపు చేసినదానికి ఈ తిప్పలెందుకు? యూనికోడ్‌లో టైపు చేసి, ప్రింటు బటన్ జోలికి పోకుండా, వర్డ్‌లోనో లిబ్రేఆఫీస్‌లోనో నేరుగా పీడీఎఫ్‌గా సేవ్ చేయాలి. అర నిమిషం పని.

ఈ మాటే చెబుదామని ఆ ఆఫీసుకు వెళ్లాను. టైపు చేసిన అసలు ఫైలు ఇవ్వమన్నాను. గుమస్తా నన్ను పైనుంచి కిందికి చూసి, "అసలు ఫైలు ఇవ్వకూడదండీ. కావాలంటే జిరాక్స్ తీసిస్తాం, పేజీకి రెండు రూపాయలు" అన్నాడు.