దుబాసీగా అత్తగారు

కుప్పం వైపు నుంచి హొసూరు ప్రాంతపు తెలుగు కుటుంబానికి కోడలుగా వచ్చిన ఒక యువతి, భూమి తగాదా విషయమై అత్తగారితో కలిసి నా వద్దకు వచ్చింది. దస్తావేజుల సంచిలో నుంచి తమిళంలో అచ్చయిన ఆసుపత్రి కాగితం ఒకటి బయటపడింది. అత్తగారు బయటికి వెళ్లాక అదేమిటని అడిగాను. "పిల్లల ఆపరేషన్ కాగితం మేడం. ఏం రాసుండాదో తెలీదు. అత్త చూపించినచోట సంతకం పెట్టినా" అన్నది. ఆమె తెలుగులో పదో తరగతి వరకు చదివినది. తాను కోరుకున్నది కాన్పుకూ కాన్పుకూ కొన్నేళ్ల ఎడం మాత్రమేనని ఆ తరువాత చెప్పింది.

అత్తగారిని దుర్మార్గురాలని నేను అనను. తనకు జరిగినదే కోడలికీ జరగడం ఆమెకు సహజంగా తోచింది. కాని తమిళం తెలిసిన అత్తగారే ఆసుపత్రిలో దుబాసీ అయినప్పుడు, భర్త నిరోధ్ వాడనంటే ఏమి చేయాలని కోడలు ఎవరి నోట అడగగలదు? భాష రాకపోవడం వలన ఆమె పోగొట్టుకున్నది సమాచారం ఒక్కటే కాదు, గోప్యత కూడా.

తాత్కాలిక పద్ధతులు లేక కాదు. నిరోధ్, మాత్రలు, కాపర్-టి ఏనాటి నుంచో ప్రభుత్వ కేంద్రాలలో ఉచితం. 2017 నుంచి మూడు నెలలకొకసారి ఇచ్చే 'అంతర' సూది, హార్మోను లేని 'ఛాయ' మాత్ర వాటికి తోడయ్యాయి. ఈ ఛాయను మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆపైన వారానికి ఒకసారి వేసుకోవాలి. ఇంత చిన్న సూచన పరభాషలో తప్పుగా వినబడితే ఫలితం గర్భమే. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తమిళనాడు, కర్ణాటకలలో వివాహిత స్త్రీలలో సగానికి మించి ఆపరేషన్ చేయించుకున్నవారే. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 70 శాతం. అక్కడ నిరోధ్ వాడకం ఒక శాతానికి లోపే. భాష ఒక్కటే కారణమని ఈ అంకెలు చెప్పవు. మాతృభాష రాజ్యమేలే చోటనే ఎంపిక ఇంత ఇరుకైనదైతే, సరిహద్దుకు ఇవతలి మన ఆడబిడ్డల మాట చెప్పనేల?

చట్టం మూగది కాదు. దేవికా బిశ్వాస్ కేసులో 2016 సెప్టెంబరు 14న సుప్రీంకోర్టు, శస్త్రచికిత్సకు ముందరి పరిశీలన పత్రం రాష్ట్రపు స్థానిక భాషలో ఉండాలన్నది. దానిలోని విషయాలను, ఆపరేషన్ పర్యవసానాలను ఆమెకు అర్థమయ్యే భాషలో వివరించాలన్నది. మనసు మార్చుకునే వీలుగా సుమారు గంట వ్యవధి ఇవ్వాలన్నది. రాష్ట్రపు భాష వేరు, ఆమెకు అర్థమయ్యే భాష వేరు. న్యాయవాదిగా నేను పట్టుకోదలచినది ఈ రెండవ మాటనే. భర్త అంగీకారం కావాలని అడిగేవారికి, 2006 నాటి కేంద్ర ప్రమాణాల ప్రకారమే అది అవసరం లేదని చెప్పండి.

మన ఉద్యమంలోని పెద్దలు కొందరికి ఈ సంపాదకీయం రుచించదని తెలుసు. "అసలే మన సంఖ్య తరుగుతున్నది, ఈ రాతలెందుకు?" అని ఒకరు నాతోనే అన్నారు. సంఖ్యకు విలువ లేదనను. భాషా అల్పసంఖ్యాకుల రక్షణలపై 1956 నాటి కేంద్ర మెమొరాండం ప్రకారం, జిల్లాలోగాని పురపాలక సంఘంలోగాని వారు 15 నుంచి 20 శాతం ఉంటే ముఖ్యమైన ప్రకటనలు వారి భాషలోనూ రావాలి. జనాభా లెక్కలలో మాతృభాష తెలుగని వ్రాయించడానికి నేనూ ఇల్లిల్లూ తిరిగాను. కాని ఆ శాతం నింపే భారాన్ని కోడళ్ల గర్భాల మీద మోపే హక్కు మనకెవరిచ్చారు? బడి కోసం, బస్సు బోర్డు కోసం ధర్నాలు చేసిన మనం ప్రసూతి వార్డు గుమ్మం ఏనాడైనా తొక్కామా?

బళ్లారి, పర్లాకిమిడి, సిరోంచ, హొసూరు — మీరెక్కడివారైనా, మీ ఆరోగ్య కేంద్రంలో అంగీకార పత్రం ఏ భాషలో ఉన్నదో, తెలుగు తెలిసిన నర్సుగాని ఆశా కార్యకర్తగాని ఉన్నారో లేదో విచారించి మాకు వ్రాయండి. స్త్రీల పేర్లు వ్రాయవద్దు. ఆ వివరాలతో కలెక్టర్లకు వినతిపత్రాలు నేనే తయారుచేస్తాను. కుటుంబ సభ్యులు కాని, తెలుగు తెలిసిన ఒక స్త్రీని ఆపరేషన్ రోజులలో దుబాసీగా ఉంచాలన్నది వాటిలో మొదటి కోరిక.