ఖాళీ పక్కకు కిరాయి

దక్షిణ ఫ్రాన్స్‌లో రోన్ నది మీద తిరిగే యాత్రా ఓడల ధరల పట్టిక చూస్తే పెద్ద అంకె కింద చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంటుంది: ఇద్దరు ఒకే గదిలో ఉంటే ఒక్కొక్కరికి ఇంత. హైదరాబాదులోనో విజయవాడలోనో ట్రావెల్ ఏజెంటు చేతిలో పెట్టే కాగితం మీద కూడా అదే మాట ‘ట్విన్ షేరింగ్’ అని కనిపిస్తుంది. ఒక్కరే వెళ్లదలిస్తే ఆ అంకె మారుతుంది. కొన్నిచోట్ల సగం ఎక్కువ కట్టాలి, కొన్నిచోట్ల పూర్తిగా రెండో మనిషి ఛార్జీ కట్టాలి. భర్త పోయాక పింఛను కూడబెట్టుకున్న టీచరమ్మ, పెళ్లి వద్దనుకున్న ఇంజనీరు, భార్యకు ప్రయాణాలు పడకపోయినా తనకు మాత్రం లోకం చూడాలని ఉన్న పెద్దాయన, వీళ్లంతా ఆ చిన్న అక్షరాల దగ్గరే ఆగిపోతున్నారు. తాము తినని భోజనానికి, ఎవరూ పడుకోని పక్కకు కిరాయి కట్టమంటే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది.

ఈ సంగతి బాధ పెట్టడానికి కారణం ఉంది. ఒంటరిగా బయల్దేరే మనిషికి నది మీద ప్రయాణమంత అనువైనది మరొకటి దొరకడం కష్టం. అందులోనూ రోన్ లోయ ఆ పనికే పుట్టిందా అన్నట్టుంటుంది.

స్విట్జర్లాండ్ మంచుకొండల్లో పుట్టిన రోన్ జెనీవా సరస్సులోంచి బయటపడి, లియాన్ దగ్గర సోన్ నదిని కలుపుకొని, అక్కణ్ణుంచి నేరుగా దక్షిణానికి మళ్లి మధ్యధరా సముద్రంలో కలుస్తుంది. మొత్తం పొడవు 800 కిలోమీటర్ల పైచిలుకు. యాత్రా ఓడలు ఎక్కువగా తిరిగేది లియాన్ నుంచి ఆర్ల్ దాకా, సుమారు 280 కిలోమీటర్లు. పూర్వం ఈ నది సాధువు కాదు. వడి ఎక్కువ, వరదలు ఎక్కువ. ఎగువకు సరుకు పడవలు పోవాలంటే గట్టు మీద గుర్రాలను బారులుగా కట్టి లాగించేవారు. గోదావరి కాలవల మీద తాడు భుజాన వేసుకుని పడవలు లాగిన మనుషులను చూసిన పెద్దలకు ఆ కష్టం ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు. స్టీమర్లు వచ్చి కాంద్రియూ ఊరి సరంగుల బతుకు ముగిసిపోవడాన్ని ప్రొవాన్స్ భాషా కవి ఫ్రెదెరిక్ మిస్ట్రల్ 1897లో పెద్ద కావ్యంగా రాశాడు. 1904లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ సొమ్మును ఆర్ల్‌లో తన ప్రాంతపు మామూలు జనం దుస్తులు, పనిముట్లు, పండుగ వస్తువులు భద్రపరిచే మ్యూజియం కోసం వెచ్చించాడు. పాలకుల భాష ముందు చిన్నబోతున్న తల్లిభాషను అంత గట్టిగా పట్టుకున్న మనిషి పేరు తెలుగువాళ్లు గుర్తుపెట్టుకోదగ్గది.

ఆ నదిని లొంగదీసిన పని 20వ శతాబ్దంలో జరిగింది. 1933లో అందుకోసమే ఒక జాతీయ సంస్థ ఏర్పడింది. విద్యుత్తు, సాగునీరు, రవాణా, మూడూ ఒకే నది నుంచి రాబట్టాలన్నది దాని లక్ష్యం. ఈనాడు లియాన్‌కు దిగువన సముద్రం దాకా 12 లాకులున్నాయి. డెల్టా వాసులకు లాకు అంటే ఏమిటో వివరించనక్కర్లేదు. కానీ 1952లో కట్టిన బొలేన్ లాకు మనకు తెలిసిన లాకుల్లాంటిది కాదు. ఓడ అందులోకి వెళ్లాక నీళ్లు దించితే దాదాపు 22 మీటర్లు కిందికి దిగుతుంది. లాకు వెడల్పు 12 మీటర్లు, ఓడ వెడల్పు 11.4 మీటర్లు. చెయ్యి చాపితే తడిగోడ తగులుతుంది. పగటిపూట ఓడ అందులోకి వెళ్తే గదుల్లో ఉన్నవాళ్లంతా పైకి వచ్చి నిలబడతారు. అప్పుడు పక్కన ఉన్న కొత్త మనిషితో మాట కలపడానికి పరిచయాలు అవసరం లేదు. ఇద్దరూ ఒకే వింతను చూస్తున్నారు, అది చాలు.

ఒంటరి ప్రయాణికులకు నిజంగా కష్టమైన సమయం ఏదో వాళ్లను అడిగితే చెబుతారు. పగలు కాదు. పగలు ఊళ్లు తిరగడానికి, గుళ్లూ శిథిలాలూ చూడటానికి తోడు లేకపోవడమే ఒక్కోసారి హాయి. ఎంతసేపు కావాలంటే అంతసేపు నిలబడవచ్చు, ఎవరి కాళ్లూ నొప్పెట్టవు. చీకటి పడ్డాక, తెలియని ఊళ్లో, హోటల్లో జంటల మధ్య ఒక్క కుర్చీ లాక్కుని కూర్చుని ‘ఒక్కరేనా?’ అన్న ప్రశ్నకు తలూపే ఆ గంటే కష్టం. ఆడవాళ్లకు దానికి తోడు, తిరిగి గదికి ఏ దారిన పోవాలన్న భయం. నది మీద ఓడ ఆ గంటను తేలిక చేస్తుంది. సముద్రాల మీద వేలమందితో కదిలే ఊళ్లలాంటి ఓడలు కావివి. నూటయాభై మంది దాకా ఉంటారు, భోజనాల గదిలో ఎవరి పక్కన చోటుంటే వాళ్ల పక్కన కూర్చోవచ్చు. రెండో రోజుకే ముఖాలు గుర్తుంటాయి. ఓడ ఆగేది ఊరి నడిబొడ్డున రేవులో. వియెన్‌లో దిగి నాలుగడుగులు వేస్తే రోమన్ల నాటి అగస్టస్ ఆలయం. అవిన్యాన్‌లో దిగితే 14వ శతాబ్దంలో పోపులు రోమ్‌ను విడిచి వచ్చి ఉన్న రాజప్రాసాదం, ఒకప్పుడు 22 కమానులుండి వరదలకు కొట్టుకుపోగా 4 మిగిలిన సాన్ బెనెజె వంతెన. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా వెళ్లి చూసి, అలసిపోతే తిరిగి తమ గదికే రావచ్చు. పెట్టె రోజూ సర్దనక్కర్లేదు.

దారి పొడుగునా ద్రాక్షతోటలు, కోటలు మాత్రమే ఉంటాయనుకుని వెళ్లేవాళ్లకు ఒక మాట. ఫ్రాన్స్ అణు విద్యుత్తులో పెద్ద భాగం ఈ లోయలోనే తయారవుతుంది. రియాక్టర్లను చల్లబరిచేది ఈ నది నీళ్లే. క్రుయాస్ దగ్గర ఒక చల్లబరిచే గోపురం మీద నీళ్లతో ఆడుకునే పసివాడి బొమ్మను 1991లో వేశారు. ఓడ మీంచి అది స్పష్టంగా కనిపిస్తుంది. కరపత్రాలు ఈ అణు కేంద్రాలను దాచడం ఎందుకో తెలియదు. పనిచేసే నదిని పనిచేసే నదిగా చూడటంలోనే గౌరవం ఉంది.

దక్షిణ ఫ్రాన్స్ జలమార్గాల మీద ఒంటరి ప్రయాణపు సుఖాన్ని తొలినాళ్లలోనే గుర్తించి రాసిపెట్టినవాళ్లలో థామస్ జెఫర్సన్ ఒకడు. 1787 నాటికి ఆయన పారిస్‌లో అమెరికా రాయబారి. భార్య చనిపోయి ఐదేళ్లు కావస్తోంది. ముందటి ఏడాది మణికట్టు విరిగి సరిగ్గా అతుక్కోలేదు. దక్షిణాది వేడినీటి ఊటల్లో నయమవుతుందేమోనని ఫిబ్రవరి చివర బయల్దేరాడు. ఇంటి సేవకులను వెంట తీసుకుపోలేదు. రాయబారి అన్న హోదా ఎవరికీ తెలియకూడదనుకున్నాడు. దారిలో ఒక మనిషిని పనికి కుదుర్చుకున్నాడంతే. నీమ్‌లో రోమన్ ఆలయం ముందు గంటల తరబడి కూర్చున్నాడు. తిరుగు ప్రయాణంలో సేత్ నుంచి తులూజ్ వైపు కాలవ మార్గం పట్టాడు. ఆ కాలవే నేటి కెనాల్ ద్యు మిది. పియెర్ పాల్ రికే అన్న పన్నుల వసూలు అధికారి 1666లో మొదలుపెట్టించి, తన ఆస్తిని కూడా కరిగించి, 1681లో అది పూర్తిగా తెరుచుకోవడానికి కొన్ని నెలల ముందు కన్నుమూశాడు. 240 కిలోమీటర్ల ఆ కాలవలోకి జెఫర్సన్ తన బండి చక్రాలు ఊడదీయించి, బండి పెట్టెను అలాగే పడవ మీద పెట్టించి, అందులో కూర్చుని రాసుకుంటూ చదువుకుంటూ వెళ్లాడు. కాళ్లు చాపుకోవాలనిపిస్తే దిగి గట్టు మీద చెట్ల వరసల మధ్య నడిచేవాడు. గుర్రం లాగే పడవ మనిషి నడకను మించిపోదు కదా. లాకుల తలుపులు తెరవడానికి ఎంతసేపు పడుతోందో లెక్కగట్టి, త్వరగా తెరిచే ఉపాయం ఆలోచించాడు. గట్ల మీద నైటింగేళ్ల పాట గురించి పారిస్‌లో చదువుకుంటున్న కూతురికి పడవలోంచే ఉత్తరం రాశాడు. తాను చేసిన ప్రయాణాలన్నిటిలో ఇంత సుఖమైనది లేదని మరో ఉత్తరంలో చెప్పాడు. ఒంటరిగా తిరిగితే ఆలోచన సాగుతుందని, అందువల్ల ప్రయోజనం ఎక్కువని ఒక యువకుడికి సలహా కూడా ఇచ్చాడు. ఆ తీరికకు ధర చెల్లించినవాళ్లు వర్జీనియాలో ఆయన పొలాల్లో బానిసలుగా ఉన్న మనుషులన్న నిజాన్ని ఈ కథలోంచి తీసేయకూడదు. అయినా, దుఃఖంలో ఉన్న నడివయసు మనిషికి నెమ్మదిగా కదిలే నీళ్లు ఏం చేయగలవో ఆ ఉత్తరాలు చెబుతాయి.

ఒంటరిగా వచ్చినవాళ్లందరికీ రోన్ శాంతినివ్వలేదు. 1888 ఫిబ్రవరిలో ఆర్ల్‌కు వచ్చిన విన్సెంట్ వాన్ గో చిత్రకారులంతా కలిసి ఉండే ఇల్లొకటి కట్టుకోవాలని కలలుగన్నాడు. రోన్‌కు దగ్గర్లోనే పసుపు రంగు ఇల్లు అద్దెకు తీసుకుని తోడు కోసం ఎదురుచూశాడు. సెప్టెంబరులో నది ఒడ్డున రాత్రిపూట నిలబడి నక్షత్రాలను, నీళ్లలో పొడుగ్గా సాగిన గ్యాసు దీపాల వెలుగును చిత్రించాడు. ఆ బొమ్మలో కింది మూల ఒక జంట నడుస్తూ కనిపిస్తుంది. అక్టోబరులో తోటి చిత్రకారుడు గోగాన్ వచ్చాడు, డిసెంబరులో వెళ్లిపోయాడు. వాన్ గో మళ్లీ ఒంటరిగా మిగిలాడు. ఇప్పుడు ఓడలు ఆగే రేవు ఆ ఇల్లున్న చోటికి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది. ఇల్లు మాత్రం 1944 బాంబు దాడిలో దెబ్బతిని పోయింది. కోరుకుని ఒంటరిగా ఉండటం వేరు, తోడు కోసం తపిస్తూ ఒంటరిగా మిగిలిపోవడం వేరు. రెండో రకం మనిషికి నూటయాభై మందితో ఉన్న భోజనాల బల్ల నిజంగా మేలు చేస్తుంది. అలాంటివాళ్ల దగ్గరే రెట్టింపు ఛార్జీ అడగడం అందుకే మరింత కటువుగా అనిపిస్తుంది.

ఓడ యజమానుల వైపు నుంచి కూడా ఆలోచించాలి. గదులు లెక్కకు మించి ఉండవు, ఇద్దరుండే చోట ఒక్కరుంటే ఆ మేరకు రాబడి పోతుంది. అది నిజమే. కానీ గది అద్దెకు, భోజనానికి, గైడు ఖర్చుకు తేడా ఉంది. రెండోసారి వసూలు చేయడానికి కారణమున్నది మొదటిదానికి మాత్రమే. కొన్ని సంస్థలు ఓడలో కొన్ని గదులను ఒక్కరికి సరిపడేలా కట్టిస్తున్నాయి. కొన్ని సీజన్ మొదట్లో, చివర్లో అదనపు ఛార్జీ తగ్గిస్తున్నాయి లేదా ఎత్తేస్తున్నాయి. చేయదలిస్తే చేయవచ్చని వాళ్లే చూపిస్తున్నారు. మన ఊళ్ల ఏజెంట్లు ఈ వివరాలను అడిగితే తప్ప చెప్పరు. ఒంటరి మనిషికి మొత్తం ఎంతవుతుందో కూడా అదే పుటలో, అంతే పెద్ద అక్షరాల్లో వేయడం వాళ్ల బాధ్యత.

తెలుగువాళ్ల యాత్ర ఎప్పుడూ బలగంతోనే సాగింది. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య వెంట దాదాపు వందమంది ఉన్నారు. దొంగల భయం, దారి తెలియకపోవడం, వంటకు మడి, ఆ రోజుల్లో అది అవసరం. ఇప్పుడు దారి తెలుసు, ఫోను చేతిలో ఉంది. అయినా అరవై దాటిన ఆడమనిషి ఫ్రాన్స్ వెళ్తానంటే ఇంట్లో మొదటి మాట ‘ఒక్కదానివే ఎలా వెళ్తావమ్మా?’ అనే. ఆ మాటలో ప్రేమ ఉంది, కాదనలేం. కానీ జీవితమంతా పదిమందికి వండిపెట్టిన మనిషికి ఒక వారం తన ఇష్టం వచ్చినప్పుడు లేచి, తన ఇష్టం వచ్చిన కిటికీ పక్కన కూర్చునే హక్కు ఉండటం ఎంత పెద్ద సంగతో ఆ ప్రేమకు తోచదు.

పిల్లలు చేయగలిగిన సాయం వేరే ఉంది. షెన్‌గెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. అమ్మ వయసుకు, ఆమెకున్న జబ్బులకు వర్తించేది చూసి తీసుకోవాలి. శాకాహారి అయితే టికెట్టు కొనేటప్పుడే ఓడవాళ్లకు రాతపూర్వకంగా చెప్పాలి. వంకాయ, టమాటా, గుమ్మడి జాతి కాయలతో చేసే రాటటూయ్ మనకు నచ్చుతుంది గానీ, ఆలివ్‌లతో నూరిన తాపెనాద్ చూడటానికి పచ్చడిలా ఉన్నా అందులో మామూలుగా ఆంచొవీ చేపలు కలుపుతారు. ఉత్తరం నుంచి లోయ వెంట దూసుకొచ్చే మిస్ట్రల్ గాలి ఎండ కాస్తుండగానే వణికిస్తుంది, పెట్టెలో మంచి స్వెటర్ ఒకటి ఉండాలి. ఆ గాలి గంటకు వంద కిలోమీటర్లు దాటిన రోజున ఓడ కదలకపోవచ్చని ముందే చెప్పి ఉంచితే కంగారు పడరు. ఇంతవరకు చూసి పంపితే చాలు. ఏ ఊళ్లో దిగాలో, ఎవరితో మాట్లాడాలో, ఏ పూట ఎక్కడికీ వెళ్లకుండా డెక్కు మీదే ఉండిపోవాలో ఆమె చూసుకుంటుంది. గంటకోసారి ఫోను చేయకండి.