రాయదుర్గానికి ఒక కైఫీయతు

హైదరాబాదు మెట్రోలో రాయదుర్గం స్టేషన్ 2019 నవంబరులో తెరుచుకుంది. అక్కడ దిగేవాళ్లలో చాలామందికి అది అద్దాల మేడల పేట. ఐటీ కంపెనీలు రాకముందు అక్కడ గుట్టలూ తుప్పలూ తప్ప ఏమీ లేవని రాసే రాతలు తరచూ కనిపిస్తున్నాయి. తరతరాలు బతికిన ఊరిని అంత తేలిగ్గా బంజరు చేసేయడం అన్యాయం.

రెవెన్యూ కాగితాల్లో రాయదుర్గం ఇప్పటికీ ఒకటి కాదు. పాయెగా, పన్మక్తా, నౌఖల్సా అని విడివిడిగా ఉంటుంది. పాయెగా అంటే నిజాము కోసం సైన్యాన్ని పోషించిన ప్రభువుల జాగీరు. మక్తా అంటే కట్టుబడి శిస్తుకు ఇచ్చిన భూమి. ఖాల్సా నేరుగా సర్కారుది. ఒకే ఊరి రైతులు వేర్వేరు దొరతనాల కింద బతికారన్నమాట. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950 నాటి కౌలుదారీ చట్టం దున్నేవాడికి రక్షణ ఇస్తానంది. ఆ తర్వాత 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఏ భూమి ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో రాసిన రికార్డు, వచ్చింది. అందులో ఎవరి పేరు ఎక్కింది, ఎవరి పేరు జారిపోయింది అన్న తగవు నగర శివారు భూముల కేసుల్లో నేటికీ తెగలేదు. ఎకరం ధర వంద కోట్లు దాటిన ఈ రోజుల్లో ఆ జారిపోయిన పేర్ల సంగతి ఎవరికైనా పట్టాలి కదా!

పక్కనే దుర్గం చెరువు. కుతుబ్‌షాహీల నాడు గోల్కొండ కోటకు తాగునీరిచ్చిన చెరువు. 2020లో దాని మీద తీగల వంతెన వచ్చింది. వంతెన అందమైనదే, కాదనం. అయితే నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు శికంలో, అంటే బయటపడిన చెరువు నేలలో, ఎవరు విత్తుకున్నారు, గట్టు ఎవరు కాశారు, బతుకమ్మలను ఎక్కడ సాగనంపేవారు అన్నది పహాణీ చెప్పదు.

రెండు వందల ఏళ్ల కిందట ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ, తన దగ్గర పనిచేసిన కావలి సోదరుల సాయంతో, ఎన్నో తెలుగు ఊళ్ల కైఫీయతులు, అంటే ఊరి స్థానిక చరిత్రలు, సేకరించాడు. చరిత్రకారులు ఇప్పటికీ వాటిని తిరగేస్తున్నారు. రాయదుర్గానికీ, మాదాపూర్‌కూ, ఖానామెట్‌కూ, కోకాపేటకూ అలాంటివి ఇప్పుడు కావాలి. ఒకప్పుడు నాట్లు వేసిన ముసలమ్మలు పాత ఊరి గ్రామకంఠం ఇరుకు గల్లీల్లో ఇంకా ఉన్నారు. యువ రచయితలు వాళ్ల దగ్గర కూర్చోవాలి. ముందు నీళ్ల సంగతి అడగండి, తర్వాత కూలి, ఆ తర్వాత భూమి ఎలా చేతులు మారింది. వాళ్ల మాటల్లోనే రాసి పంపండి. మా పత్రికలో వచ్చే సంచిక నుంచి ఇందుకు పుటలు కేటాయిస్తున్నాం.